మోడెమ్ దారిన వచ్చిన మంగళహారతులు

పోయిన సంచికలో మన గ్రంథాలయం గదిలోకి ఒక పాత కంప్యూటర్ వచ్చిందని రెండు ముక్కలు రాశాం. అది ఏమిటి, గుళ్లో దానికేం పని అని చాలామంది అడిగారు. కొందరైతే ప్రసాదాల కౌంటర్ దగ్గర నిలబెట్టి మరీ అడిగారు. కంప్యూటర్ అలవాటు లేనివారికి కూడా అర్థమయ్యేలా మొత్తం చెబుదామని ఈ వ్యాసం. మధ్యలో కాస్త సాంకేతికం ఉంటుంది, ఓపిక పట్టండి.

దీని కథ మన సొసైటీలో తొలినాళ్ల నుంచీ ఉన్న ఒక పిన్నిగారితో మొదలైంది. ఫ్లీట్‌వుడ్‌లో ఉన్న ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారు. వాళ్లాయన పోయి నాలుగేళ్లయింది. బేస్‌మెంట్ ఖాళీ చేస్తుంటే ఆయన పాత కంప్యూటర్ బయటపడింది. రీసైక్లింగ్‌కి ఇచ్చేయమని పిల్లలు అన్నారు. ఆవిడ మాకు ఫోన్ చేసి, "బాబూ, అందులో మా అత్తగారి పాటలున్నాయి. ఆవిడ పాడుతుంటే ఈయన పక్కన కూచుని టైపు చేశారు. అవి తీసి ఇస్తే, తరవాత దాన్ని ఏం చేసినా నాకు బాధ లేదు" అన్నారు.

1993 చలికాలంలో ఆ పెద్దావిడ కోనసీమ నుంచి సర్రీకి వచ్చి ఆరు నెలలు కొడుకు దగ్గర ఉన్నారట. బయట ఎడతెగని వాన, నాలుగున్నరకే చీకటి. ఎక్కడికీ కదల్లేక, తనకు వచ్చిన మంగళహారతులు, తులసి పాటలు, లాలిపాటలు, పెళ్లిపాటలు గుర్తు తెచ్చుకుంటూ పాడేవారు. కొడుకు రోజుకొకటి చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆవిడ తిరిగి వెళ్లిన రెండేళ్లకు కాలం చేశారు. పుస్తకంలో రాసుకున్నది లేదు, క్యాసెట్ లేదు. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే.

ఆ పెట్టె పేరు యూనిక్స్ పీసీ. అమెరికాలోని ఏటీ అండ్ టీ 1985లో అమ్మకానికి పెట్టింది. దానికోసం తయారుచేసింది కన్వర్జెంట్ టెక్నాలజీస్ అనే సంస్థ. లోపల మోటరోలా 68010 ప్రాసెసర్, పైన ఆకుపచ్చ అక్షరాల తెర, మూడు బొత్తాల మౌస్. ఆ రోజుల్లో యూనిక్స్ అంటే యూనివర్సిటీల్లోనూ పెద్ద ఆఫీసుల్లోనూ ఉండే యంత్రాల వ్యవహారం. దాన్ని బల్ల మీదికి తెచ్చారు. వ్యాపారంగా అది నిలబడలేదు. మిగిలినవాటిని తరవాత చవగ్గా వదిలించుకున్నారు. పిన్నిగారి భర్త కూడా సియాటెల్ వెళ్లినప్పుడు ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని తెచ్చుకున్నారట.

ఈ యంత్రానికి ఒక ప్రత్యేకత ఉంది. ఫోన్‌ని దృష్టిలో పెట్టుకుని కట్టారు, అందుకే మోడెమ్ లోపలే ఉంటుంది. కొత్త పిల్లల కోసం ఒక మాట: కంప్యూటర్‌కి తెలిసినవి సున్నాలు, ఒకట్లు. ఫోన్ తీగకు తెలిసింది శబ్దం. సున్నాలనూ ఒకట్లనూ ఈలలుగా మార్చి పంపేది, అవతల ఆ ఈలలను విని మళ్లీ సున్నాలూ ఒకట్లూ చేసేది మోడెమ్. ఈ యంత్రం వెనక ఫోన్ సాకెట్లు మూడున్నాయి. రెండు బయటి లైన్లకు, ఒకటి మామూలు టెలిఫోన్ పెట్టుకోడానికి.

లోపలిదాన్ని బయటికి తీయడానికి ముందు సులువైన దారులే చూశాం. ఫ్లాపీ డ్రైవ్ పాడైపోయింది. సీరియల్ పోర్టు, అంటే వెనక ఉండే పాతిక సూదుల సాకెట్, ఉలకదు పలకదు. దాని చిప్పు కాలిపోయిందని మా అనుమానం. హార్డ్ డిస్క్‌ని ఊడదీసి ఇప్పటి కంప్యూటర్‌కి తగిలిద్దామంటే ఆ కాలపు తీగలు వేరు, పద్ధతి వేరు. పైగా ఇంత వయసున్న డిస్క్‌ని కదపడం మంచిది కాదు. అది తిరుగుతున్నప్పుడే పని కానిచ్చుకోవాలి. ఇక మిగిలిన దారి మోడెమ్ ఒక్కటే.

(ఇక్కడ ఒక జాగ్రత్త. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఉత్సాహం కొద్దీ వెంటనే ప్లగ్ పెట్టకండి. మన వాలంటీర్లలో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు. ఆయన మూత తీసి, దుమ్ము దులిపి, పవర్ సప్లయిని విడిగా పరీక్షించి సరేనన్నాకే మేము స్విచ్ వేశాం.)

అదృష్టవశాత్తూ పాస్‌వర్డ్ పిన్నిగారికి గుర్తుంది. న్యూటన్‌లో వాళ్లు మొదట అద్దెకున్న ఇంటి నంబరు, దాని పక్కన అమ్మాయి ముద్దుపేరు. యంత్రాన్ని నడిపే అధికారం ఉన్న రూట్ ఖాతాకీ ఆయన అదే పెట్టుకున్నారు. ఈ రోజుల్లో ఎవరైనా అలా చేస్తే మేమే కోప్పడతాం. ఆ రోజు మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాం.

ఇక మోడెమ్ సంగతి. ముందు అది బతికి ఉందో లేదో తెలియాలి. యంత్రంలో టెలిఫోన్ అమరికల పట్టిక ఒకటి ఉంటుంది. ప్రతి లైన్‌కీ అందులో రెండు విషయాలు చెప్పాలి: ఈ లైన్ మాటలకా, డేటాకా? నంబరు తిప్పేది పల్స్ పద్ధతిలోనా, టోన్ పద్ధతిలోనా? పల్స్ అంటే వెనకటి చక్రం ఫోన్ల లెక్క, టక్ టక్ మని కొట్టేది. ఆయన పెట్టింది అదే. ఇంటర్నెట్ మీద నడిచే ఇప్పటి ఫోన్ పెట్టెల్లో చాలావాటికి ఆ టక్ టక్ అర్థం కాదు. టోన్‌కి మార్చాం. లైన్ 1ని డేటాకి పెట్టాం. మోడెమ్ ఒక్కటే, లైన్లు రెండు కాబట్టి ఏ లైన్ డేటాదో స్పష్టంగా చెప్పకపోతే ఎన్నిసార్లు రింగైనా మోడెమ్ ఎత్తదు. మేము మొదటి శనివారం మధ్యాహ్నమంతా ఆ ఒక్క పొరపాటుకే బలిచేశాం.

ఈ మోడెమ్‌తో మరో చిక్కుంది. మోడెమ్ వాడిన అనుభవం ఉన్నవాళ్లకి ఏటీ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలు తెలిసే ఉంటాయి. హేస్ కంపెనీ మోడెమ్‌లతో మొదలై అందరికీ అలవాటైన భాష అది. ఈ యంత్రం లోపలి మోడెమ్‌కి ఆ భాష రాదు. యూనిక్స్ కెర్నల్ దాంతో నేరుగా మాట్లాడుతుంది, మనం కెర్నల్‌తో మాట్లాడాలి. ఏటీ ఏటీ అని ఎంత కొట్టినా గోడకి చెప్పినట్టే.

పరీక్షగా గుడి ఆఫీసు లైన్ మీద నుంచి మాలో ఒకరి ఇంటికి ఫోన్ చేయించాం. మూడో సాకెట్‌కి తగిలించిన రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంటే నంబరు చక్కగా తిరగడం వినిపించింది. తరవాత ఒక రికార్డు చేసిన గొంతు, ఏరియా కోడ్‌తో సహా తిప్పమని. నవ్వొచ్చింది. పాత అలవాటు మీద ఉన్న నంబర్లను చూస్తూ మేమూ ఏడంకెలే ఇచ్చాం. 604కి తోడుగా ఇక్కడ 778 వచ్చిన 2001 నుంచీ స్థానిక కాల్‌కైనా పదంకెలూ తిప్పాల్సిందే. ఆయన ఫైళ్లలో ఉన్న నంబర్లన్నీ అంతకు ముందువి. ఏమైనా మోడెమ్ బతికే ఉందని తేలింది.

తరవాతి పని యంత్రం చేత ఫోన్ ఎత్తించడం. బయటి నుంచి ఎవరైనా పిలిస్తే లైన్ ఎత్తి, "ఎవరు?" అని అడిగే ప్రోగ్రామ్‌ని యూనిక్స్‌లో గెట్టీ అంటారు. వీధి గుమ్మం దగ్గర కూచున్న తాతగారు అనుకోండి. ఏయే గుమ్మాల దగ్గర తాతగారిని కూచోబెట్టాలో ఇనిట్‌ట్యాబ్ అనే ఫైలులో వరసగా రాసి ఉంటుంది. మోడెమ్ ఉన్న వరసలో "ఆఫ్" అని ఉంది. దాన్ని "రెస్పాన్" అని మార్చాం. అంటే, ఒకరు వచ్చి వెళ్లిపోగానే తాతగారిని మళ్లీ అక్కడే కూచోబెట్టు అని. ఫైలు మార్చినంత మాత్రాన చాలదు, "టెలినిట్ క్యూ" అని ఆజ్ఞ ఇస్తేనే యంత్రం ఆ ఫైలుని మళ్లీ చదువుతుంది. ఫైలుని ముట్టుకునే ముందు దాని నకలు ఒకటి దాచుకోవడం మాత్రం మరవకూడదు. ఇనిట్‌ట్యాబ్‌లో తప్పు పడితే యంత్రం మళ్లీ సరిగా లేవకపోవచ్చు.

అవతలి వైపు లాప్‌టాప్. దానికి యూఎస్‌బీతో తగిలించే ఫ్యాక్స్ మోడెమ్. ఇది న్యూటన్‌లో మా వాలంటీర్ ఇంట్లో ఉంది. గుడిలో ఇద్దరం, అక్కడ ఒకరు, మధ్యలో సెల్‌ఫోన్‌లు. అక్కడి నుంచి పిలిస్తే ఇక్కడ మోడెమ్ ఎత్తింది, ఈల వేసింది, పది సెకన్లు ఆగి పెట్టేసింది. మళ్లీ పిలిస్తే మళ్లీ అంతే.

ఎందుకంటే, ఇది పలకరింపుల్లో తేడా. యూనిక్స్ పీసీ మోడెమ్ బెల్ సంస్థ వారి పాత ఉత్తర అమెరికా ప్రమాణాలు పాటిస్తుంది. 300 వేగానికి బెల్ 103, 1200 వేగానికి బెల్ 212ఏ. ఫోన్ ఎత్తగానే అది వేసే ఈల 2225 హెర్ట్‌జ్. అంతర్జాతీయ పద్ధతిలో మోడెమ్ వేసే ఈల 2100 హెర్ట్‌జ్. కొత్త మోడెమ్ తన పద్ధతిలో వేగాల గురించీ తప్పులు దిద్దుకోవడం గురించీ సుదీర్ఘంగా బేరాలు మొదలుపెడుతుంది. పాతదానికి అందులో ఒక్క ముక్కా తెలియక విసుగొచ్చి పెట్టేస్తుంది. కొత్తదానికే నచ్చచెప్పాలి. బీ1 అనే ఆజ్ఞతో బెల్ పద్ధతికి మార్చి, వేగం 1200కి కట్టేసి, తప్పులు దిద్దే సదుపాయాన్ని పూర్తిగా ఆపేశాం.

అయినా ఈల మధ్యలో తెగేది. ఈసారి కారణం ఫోన్ లైన్. గుడి ఆఫీసుది ఇంకా పాత రాగి తీగ లైనే, దానితో ఇబ్బంది లేదు. వాలంటీర్ ఇంట్లో ఫోన్ ఇంటర్నెట్ మీద నడుస్తుంది. మనిషి గొంతుని పిండి చిన్నది చేసి పంపితే మన చెవికి తేడా తెలియదు, మోడెమ్ చెవికి తెలిసిపోతుంది. ఆయన ఫోన్ పెట్టె అమరికల్లో జీ.711 అనే పిండని పద్ధతిని ఎంచుకుని, ప్రతిధ్వనిని అణిచే సదుపాయాన్నీ మౌనాన్ని కత్తిరించే సదుపాయాన్నీ ఆపేశాక లైన్ నిలబడింది. అసలు 1200 వేగం కాబట్టే ఇది సాధ్యమైంది. అంత నెమ్మది ఈలలు ఇంటర్నెట్ ఫోన్ కుదుపులను తట్టుకుంటాయి. 56 వేల వేగంతో మాట్లాడాలంటే అలా కుదరదు.

లైన్ కలిశాక తెర మీద సగం అక్షరాలు సరిగా, సగం పిచ్చిగీతలుగా కనిపించాయి. ఇది చాలా మంచి సూచన అని మాలో పెద్దాయన అన్నారు, ఆయనే నిజం. పాత యూనిక్స్ ఒక్కో అక్షరాన్ని ఏడు బిట్లలో పంపి, ఎనిమిదోదాన్ని సరిచూసుకోడానికి వాడుతుంది. అక్షరంలోని ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా ఆ ఎనిమిదో బిట్ మారుతుంది. కొత్త లాప్‌టాప్ ఎనిమిదింటినీ అక్షరమే అనుకుంటుంది. అందుకని లెక్క సరిపోయిన సగం అక్షరాలు బాగా వస్తాయి, మిగతా సగం చెడతాయి. ఏడు బిట్లు, సరి ప్యారిటీ అని చెప్పగానే "లాగిన్" అన్న మాట శుభ్రంగా వెలిగింది. అప్పుడు టైము రాత్రి పదకొండు. సెల్‌ఫోన్‌లో అటునుంచి ఒక కేక, ఇటునుంచి రెండు.

మొదటి పాట తెప్పించాం. అన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్యలో ఏటవాలు గీతలు. ఇక్కడ కాస్త ఆగి ఆ పాటలు ఎలా రాసి ఉన్నాయో చెప్పాలి.

1993లో మామూలు ఇంటి కంప్యూటర్‌లో తెలుగు లిపి కనిపించే మార్గం దాదాపు లేదు. యూనిక్స్ పెట్టెలు రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు, చర్చలు మార్చుకునే యూయూసీపీ అనే ఏర్పాటు ఉండేది. ప్రవాస తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో తెలుగు చర్చావేదిక ఒకటి పెట్టుకుని పద్యాలూ పాటలూ వాదనలూ అందులోనే సాగించేవారు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. తలా ఒక రకంగా రాస్తే చదవడం కష్టమని ఒక పద్ధతి స్థిరపడింది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ పేరు మీద దాన్ని ఆర్‌టీఎస్ అన్నారు. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ఆర్‌ఐటీ అనే ప్రోగ్రామ్‌ని అక్కడే కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేశారు. ఈ రోజు ఫోన్‌లో తెలుగులో వాట్సాప్ పంపేవాళ్లలో ఎంతమందికి వీళ్ల పేర్లు తెలుసో కానీ, మనలో కొందరం తొలిసారి తెలుగు టైపు చేసింది ఆ పద్ధతిలోనే. వాంకూవర్ ఫ్రీనెట్ ఖాతాతో ఫోన్ లైన్ మీద ఈమెయిల్ చూసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అటు ఇండియాలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు విద్యార్థులకు దొరికింది కూడా బొమ్మల్లేని, ఉత్త అక్షరాల ఖాతాయే.

ఆర్‌టీఎస్‌లో చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. చిన్న టీ రాస్తే త, పెద్ద టీ రాస్తే ట. "పాట"కీ "పాత"కీ తేడా ఆ ఒక్క అక్షరం ఎత్తులోనే ఉంది. అన్నీ పెద్దవైపోతే తులసిలోని త కూడా ట అవుతుంది. పిన్నిగారికి ఇవ్వబోయేది అదా?

దీనికి కారణం తెలిసేసరికి తల పట్టుకున్నాం. అటునుంచి లాగిన్ అయిన మా వాలంటీర్ లాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ పడి ఉంది. పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టారు. వెనకటి టెలిటైపుల్లో కొన్నింటికి చిన్న అక్షరాలే ఉండేవి కావు. పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో వస్తే గెట్టీ తాతగారు, "పాపం, వీళ్లది అలాంటి యంత్రం కాబోలు" అనుకుని అప్పటినుంచి అన్నీ పెద్ద అక్షరాల్లోనే పంపుతారు. నిజంగానే పెద్ద అక్షరం ఉన్నచోట ముందు ఒక ఏటవాలు గీత పెడతారు. అంటే తేడా పోలేదు, గీతల్లో దాక్కుంది. అయినా గీతల లెక్కలు మనకెందుకు? బయటికి వచ్చి, క్యాప్స్ లాక్ తీసి, మళ్లీ లోపలికి వెళ్తే సరిపోయింది.

పాటలు మొత్తం 71 ఫైళ్లు, సుమారు 96 వేల అక్షరాలు. 1200 వేగం అంటే సెకనుకి 120 అక్షరాలు. ప్రతి అక్షరానికీ మొదలూ చివరా చెప్పే బిట్లతో కలిపి పదేసి బిట్లు పడతాయి కాబట్టి ఆ లెక్క. మొత్తం 800 సెకన్లు, పదమూడు నిమిషాల పైచిలుకు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. "లక్ష్మి" అన్న మాట ఆర్‌టీఎస్‌లో ఏడక్షరాలు, ఏడు బైట్లు. అదే మాట ఇప్పటి యూనికోడ్ తెలుగులో, మామూలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, ఇరవై ఒక్క బైట్లు. ఎందుకంటే ల, క, ష, మ, రెండు పొల్లులు, గుడి, ఒక్కొక్కదానికి మూడేసి. పైగా యూనికోడ్ తెలుగుకి ఎనిమిదో బిట్ కావాలి. ఏడు బిట్ల లైన్ మీద అది నేరుగా ప్రయాణించలేదు.

పద్నాలుగో పాట మధ్యలో లైన్ తెగింది. శనివారం సాయంత్రం ఎవరో భక్తులు అర్చన వేళలు కనుక్కోడానికి ఆఫీసుకి ఫోన్ చేశారు. కాల్ వెయిటింగ్ వేసే "బీప్" మోడెమ్ చెవిలో పిడుగు. నంబరుకి ముందు నక్షత్రం గుర్తు, 70 తిప్పితే కాల్ వెయిటింగ్ ఆగుతుంది కదా అని కొందరు అనొచ్చు. అది పిలిచేవారి వైపే పనిచేస్తుంది, ఎత్తేవారి వైపు కాదు. అందుకని గుడి తలుపులు వేశాక, రాత్రి తొమ్మిదిన్నర దాటాక మళ్లీ కూచున్నాం. (ఆ భక్తులెవరో మాకు తెలియదు. మీరైతే, మీ తప్పేం లేదు.)

వచ్చినవి సరిగా వచ్చాయని ఎలా తెలుస్తుంది? తప్పులు దిద్దే సదుపాయాన్ని మేమే ఆపేశాం కదా. యూనిక్స్‌లో "సమ్" అనే ఆజ్ఞ ఫైలులోని బైట్లన్నీ కూడి ఒక అంకె చెబుతుంది. అక్కడి అంకె, ఇక్కడి అంకె ఒకటైతే ఫైలు క్షేమం అని నమ్మొచ్చు. మొదట ఒక్కటీ కలవలేదు, గుండె జారింది. రెండు కారణాలున్నాయి. తెరకి పంపేటప్పుడు యంత్రం ప్రతి వరస చివరా ఒక అదనపు అక్షరం చేరుస్తుంది, దాన్ని తీసెయ్యాలి. ఇప్పటి లినక్స్‌లోని "సమ్" వేరే లెక్కతో కూడుతుంది. చిన్న ఎస్ అనే గుర్తు తగిలిస్తే పాత సిస్టమ్ ఫైవ్ లెక్కకి వస్తుంది. ఆ రెండూ సర్దాక వరసగా కలవడం మొదలైంది. మూడు పాటలు రెండేసి సార్లు తెప్పించాల్సి వచ్చింది. రాత్రి ఒంటిగంటకి 70 కలిశాయి.

తెలుగు లిపిలోకి మార్చడం ఆ తరవాత ఒక పూట పని. చదివి సరిచూసింది పిన్నిగారే. ఒకచోట ఆగి, "ఇక్కడ ఈయన తప్పు విన్నారు. అత్తగారు అలా అనరు" అని దిద్దారు. అలా పదకొండు చోట్ల దిద్దారు. ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు అందులో మూడు హారతులు మన గుడిలో పాడటానికి ఒప్పుకున్నారు. పాటలన్నీ గ్రంథాలయంలో ప్రింటు తీసి ఉంచాం. కావలసినవారు అడిగి తీసుకోవచ్చు.

డెబ్బై ఒకటోది మాత్రం పూర్తిగా రాలేదు. డిస్క్‌లో ఆ చోటు చెడిపోయింది, ఎన్నిసార్లు చదివించినా నాలుగో చరణం దగ్గరే ఆగిపోతోంది. అది పెళ్లిలో అల్లుణ్ణి బంతి దగ్గర కూచోబెట్టి ఆడవాళ్లు పాడే పాట. వంటకాల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ సాగుతుంది, మనకి దొరికిన భాగం పనసపొట్టు కూర దాకా వచ్చి ఆగింది. పిన్నిగారికి మిగతాది గుర్తు లేదు. కోనసీమ వైపు నుంచి వచ్చినవాళ్లెవరికైనా, లేదా ఊళ్లో ఉన్న మీ అమ్మగారికో అమ్మమ్మగారికో ఇలాంటి పాట తెలిసి ఉంటే దయచేసి ఆఫీసులో చెప్పండి. ఫోన్ చేసినా సరే, మోడెమ్‌ని లైన్ మీంచి తీసేశాం.